డిక్కీ మూత పడితే సరిపోదు

కారు డిక్కీలో ఎంత బరువు వేయొచ్చని ఎవరినైనా అడగండి. "పట్టినంత" అంటారు. కాస్త జాగ్రత్తపరులైతే "మూత పడినంత" అంటారు. ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ పట్టినవాళ్లూ, షోరూముల్లో కార్లు అమ్మే కుర్రాళ్లూ, సెలవులకి ఊరెళ్లి వచ్చే ఉద్యోగులూ అందరూ ఇదే మాట చెబుతారు. ఈ మాట పూర్తిగా తప్పు. మూత చెప్పేది చోటు సంగతి ఒక్కటే. బరువు సంగతి తేల్చేవి వెనక ఇరుసు, స్ప్రింగులు, టైర్లు, బ్రేకులు, వెనక సీటు వీపు. మూత హాయిగా పడిపోయిన రోజునే వీటన్నిటి మీదా మోయరాని బరువు పడి ఉండవచ్చు. పండగ రోజుల్లో హైదరాబాద్-విజయవాడ దారిలోని పంతంగి టోల్‌గేటు దగ్గర నిలబడి చూస్తే వెనక భాగం నేల వైపు కుంగి, ముందు దీపాలు ఆకాశంకేసి చూస్తున్న కార్లు ఎన్నో కనిపిస్తాయి. వాటన్నిటికీ డిక్కీ మూత పడే ఉంటుంది.

ఈ పొరపాటు ప్రకటనల దగ్గరే మొదలవుతోంది. కంపెనీలు డిక్కీని లీటర్లలో చెబుతాయి. 2017 డిజైర్‌కి 378 లీటర్లు, 2018 అమేజ్‌కి 420, క్రెటాకి 433 అని గొప్పగా రాస్తాయి. ఈ అంకె ఎలా వస్తుందో తెలిస్తే దాని విలువెంతో తెలుస్తుంది. 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 ఎత్తు ఉన్న దిమ్మలు తీసుకుంటారు. ఒక్కో దిమ్మ సరిగ్గా ఒక లీటరు చోటు ఆక్రమిస్తుంది. అలాంటివి డిక్కీలో ఎన్ని పడితే అన్ని లీటర్లు. జర్మనీ వాహన పరిశ్రమ వాళ్లు పెట్టిన పద్ధతి ఇది. దిమ్మ బరువెంతన్నది ఈ కొలతలో లెక్కలోకే రాదు. 378 లీటర్ల చోటులో అటుకులో మరమరాలో నింపితే కారుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదే చోటులో బియ్యం నింపితే దాదాపు 300 కిలోలు అవుతుంది. లీటర్ల అంకె ఈ రెంటికీ ఒకటే. కాబట్టి 378 లీటర్ల డిక్కీ అన్న మాటని "ఇంత వేయడానికి అనుమతి" అని చదువుకోవడం మొదటి తప్పు. కొనేవాడికి లీటర్లు చెప్పి కిలోలు చెప్పకపోవడం అమ్మేవాడి తప్పు. ఆ రెండో అంకె కూడా బ్రోషర్లో అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను.

అసలు అంకె లేదా అంటే, ఉంది. మాన్యువల్ చివరి పేజీల్లో సాంకేతిక వివరాల పట్టికలో రెండు బరువులుంటాయి. ఒకటి కర్బ్ వెయిట్, అంటే మనుషులూ సామానూ లేని బండి బరువు. రెండోది గ్రాస్ వెహికల్ వెయిట్, అంటే అన్నీ ఎక్కాక బండి మొత్తం దాటకూడని బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మన వాటా. చిన్న సెడాన్లలో ఆ వాటా సుమారు 420 నుంచి 450 కిలోల మధ్య ఉంటుంది. వినడానికి చాలా ఎక్కువనిపిస్తుంది. ఇప్పుడు అందులో మనుషుల్ని కూర్చోబెట్టండి. డ్రైవరుతో కలిపి ఐదుగురు పెద్దవాళ్లు, తలా 75 కిలోలు అనుకుంటే 375. వాటా 430 అనుకుంటే డిక్కీకి మిగిలింది 55 కిలోలు. రెండు బియ్యం బస్తాలు, ఒక చేతిసంచీ. అంతే. 378 లీటర్ల డిక్కీలో మూడొంతులు ఇంకా ఖాళీగా ఉండగానే బండి బరువు కోటా అయిపోయింది.

ఇది కంపెనీల పిసినారితనం కాదు. కార్ల రూపకల్పనలో అంతర్జాతీయంగా వాడే లెక్కలో మనిషికి 68 కిలోలు, అతని సామానుకి 7 కిలోలు అని వేసుకుంటారు. ఐదుగురికి కలిపి 35 కిలోల సామాను! కారు గీసిన ఇంజనీరు మనసులో ఉన్న ప్రయాణం ఇది: ఐదుగురు మనుషులు, ఐదు చిన్న సంచీలు. మనం అదే కారులో ఐదుగురం ఎక్కి, నెలల గ్రాసం కూడా ఎక్కిస్తున్నాం.

మన కుటుంబాల్లో ఈ లెక్క కళ్లకి కట్టినట్టు కనిపించే సందర్భం శంషాబాద్ విమానాశ్రయం. అమెరికా నుంచి కొడుకు, కోడలు, ఇద్దరు టీనేజీ పిల్లలు దిగుతారు. విమానంవాళ్లు మనిషికి రెండేసి 23 కిలోల పెట్టెలు ఒప్పుకుంటే మొత్తం ఎనిమిది పెట్టెలు, 184 కిలోలు. చేతిసంచీలు వేరే. తీసుకెళ్లడానికి వచ్చిన కారు ఒకటే, డ్రైవరు సీట్లో బాబాయి. ఐదుగురిని 68 చొప్పున వేసుకున్నా 340. పెట్టెలతో 524. చేతిసంచీలు కలపకుండానే బండి వాటాని దాదాపు వంద కిలోలు దాటేసింది. డిక్కీలో నాలుగు పట్టాయి, రెండు వెనక వాళ్ల ఒళ్లో పెట్టారు, రెండు పైన క్యారియర్ మీద తాడుతో కట్టారు. "చూశావా, ఒక్క కారులో సర్దేశాం" అని బాబాయి సంబరపడతాడు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే ఆ బండి వంద దాటుతుంది. విమానంలో పెట్టె ఒక కిలో ఎక్కువుంటే తీసి సర్దిన మనుషులు, కార్ పార్కింగులో తూకం ఊసే ఎత్తరు. ఆ పెట్టెల మీద బరువు చీటీలు అతికించే ఉంటాయి. కూడుకోవడమే తరువాయి, ఎవరూ కూడుకోరు.

ఈ లెక్క చెబితే వెంటనే ఒక జవాబు వస్తుంది. "మేం ఇద్దరమే వెళ్తున్నాం, వెనక సీటు ఖాళీ. ఆ ముగ్గురి బరువు డిక్కీలో వేస్తే తప్పేంటి? మొత్తం అంతే కదా!" ఈ వాదన తెలివైనది. అందుకే ఎక్కువమంది దీనికి లొంగిపోతారు. మొత్తం బరువు సమానమే, కానీ బరువు పడే చోటు వేరు. వెనక సీట్లో మనిషి వెనక ఇరుసుకి ముందు కూర్చుంటాడు. డిక్కీలో బస్తా ఆ ఇరుసుకి వెనక ఉంటుంది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లున్న కారుని తీసుకోండి. డిజైర్‌ది అంతే. వెనక సీట్లో మనుషులు ఇరుసుకి 40 సెంటీమీటర్లు ముందున్నారనుకుంటే, వాళ్ల వంద కిలోల్లో 84 వెనక చక్రాల మీద, 16 ముందు చక్రాల మీద పడతాయి. అదే వంద కిలోలు ఇరుసుకి 40 సెంటీమీటర్లు వెనక పెట్టండి. వెనక చక్రాల మీద పడేది 116 కిలోలు. ఆ అదనపు 16 ఎక్కడి నుంచి వచ్చాయి? ముందు చక్రాల మీద నుంచి. తూగుడుబల్ల ఒక చివర కూర్చుంటే రెండో చివర లేచినట్టు ముందు భాగం లేస్తుంది. ముగ్గురి బదులు 200 కిలోల బియ్యం డిక్కీలో పడితే, మనుషులున్నప్పటి కంటే వెనక ఇరుసు మీద 64 కిలోలు ఎక్కువ, ముందు ఇరుసు మీద 64 కిలోలు తక్కువ. మొత్తం బరువు మాత్రం మారలేదు. వెనక ఇరుసుకి విడిగా ఒక హద్దు ఉంటుంది. చాలా మాన్యువళ్లలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ వేర్వేరు అంకెలిస్తారు. మొత్తం హద్దులోనే ఉండి వెనక ఇరుసు హద్దు దాటడం సాధ్యమే. డిక్కీ విషయంలో తరచుగా జరిగేది అదే.

ఈ ముందు చక్రాల సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లన్నీ దాదాపుగా ముందు చక్రాలతో లాగేవే. మలుపు తిప్పేవీ అవే. బ్రేకు పనిలో ఎక్కువ భాగం చేసేవీ అవే. అన్ని పనులూ చేసే చక్రాల మీద నుంచి బరువు తీసి, అంత పని లేని వెనక వైపుకి తోస్తున్నాం. దీన్నే కొందరు మంచిదని కూడా చెబుతారు. "వెనక లోడుంటే బండి రోడ్డుని పట్టుకుంటుంది, కుదురుగా పోతుంది" అనే మాట ప్రతి డ్రైవరూ అంటాడు. ఇందులో ఒక నిజం ఉంది. ఖాళీ బండికి వెనక స్ప్రింగులు గట్టిగా ఉండి కుదుపుతాయి, బరువు పడితే ఆ కుదుపు తగ్గుతుంది. మెత్తగా పోవడాన్ని పట్టుకి గుర్తనుకోవడంలోనే మోసపోతున్నాం. నేరుగా పోయే రోడ్డు మీద తేడా తెలియదు. కుక్క అడ్డం వచ్చి 90 మీద స్టీరింగు చటుక్కున తిప్పినప్పుడు ముందు చక్రాలు ఆలస్యంగా వింటాయి, ఆ తర్వాత బరువైన వెనక భాగం పక్కకి ఊగుతుంది. ఆ ఊపుని సరిచేయడానికి రెండో వైపు తిప్పితే ఇంకా ఎక్కువ ఊగుతుంది. బండి అడ్డం తిరిగేది అప్పుడే.

కారు తయారుచేసినవాళ్లకి డిక్కీ బరువు సంగతి తెలుసనడానికి సాక్ష్యం మీ డ్యాష్‌బోర్డు మీదే ఉంది. స్టీరింగుకి పక్కన హెడ్‌లైటు బొమ్మతో సున్నా నుంచి మొదలయ్యే అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. చాలామంది దాన్ని కొన్న రోజు నుంచీ ముట్టుకోరు. వెనక కుంగితే దీపం వెలుగు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది కాబట్టి దాన్ని కిందికి దించడానికి పెట్టిందది. మాన్యువల్ తీసి చూస్తే చాలా కార్లలో ఒక విషయం కనిపిస్తుంది: ఐదుగురు కూర్చుని డిక్కీ ఖాళీగా ఉన్నప్పటి అంకె కంటే, డ్రైవరొక్కడే ఉండి డిక్కీ నిండుగా ఉన్నప్పటి అంకె పెద్దది. నలుగురు మనుషులకంటే నిండిన డిక్కీ బండిని ఎక్కువ వంచుతుందని వాళ్లే రాసిపెట్టారు.

ఇప్పుడు సంక్రాంతి తిరుగు ప్రయాణం చూద్దాం, ఎందుకంటే మన ప్రాంతంలో డిక్కీ మీద అసలు దాడి అప్పుడే జరుగుతుంది. కనుమ మర్నాడు పొద్దున్నే ఇంటిముందు కారు డిక్కీ తెరిచి పెడతారు. మొదట కొత్త బియ్యం. ఒకప్పుడు 25 కిలోల బస్తా ఉండేది. 2022 జులైలో 25 కిలోల వరకూ ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వేశాక మిల్లుల్లో 26 కిలోల బస్తాలు కట్టడం మొదలైంది. నాలుగు బస్తాలంటే 104 కిలోలు. పక్కన మినుములు, కందిపప్పు, బెల్లం అచ్చులు. పదిహేను కిలోల నూనె డబ్బా. పీచు తీయని కొబ్బరికాయలు ఒక గోనెడు. అరిసెలు, జంతికలు నింపిన స్టీలు డబ్బాలు. నిమ్మకాయ ఊరగాయ జాడీ కదలకుండా దాని చుట్టూ పాత దుప్పటి. అత్తగారు అరుగు మీద నుంచి "అల్లుడుగారూ, ఆ మూల ఇంకొంచెం చోటుందండీ, ఈ గుమ్మడికాయ కూడా పెట్టించండి" అంటుంది. కాదనడం మర్యాద కాదు. మావగారు మోకాలితో మూతని అదిమి "పడింది" అంటాడు. అంతటితో బరువు పరీక్ష అయిపోయింది. ఆ తర్వాత కారులోకి ఐదుగురు ఎక్కుతారు. ఆ ప్రేమని నేను తప్పుపట్టడం లేదు. దాన్ని తీసుకెళ్లే దారే తప్పు.

అలా సర్దిన డిక్కీకీ వెనక కూర్చున్న పిల్లల వీపుకీ మధ్య ఉన్నది సీటు వీపు ఒక్కటే. దాని బలమెంత? వెనక సీటు వీపు సామాను తాకిడికి నిలుస్తుందా అని చూడడానికి ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 17వ నిబంధన ఒక పరీక్ష చెబుతుంది. 18 కిలోల దిమ్మలు రెండు డిక్కీలో పెట్టి, గంటకి 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకున్నట్టు బండిని ఆపేస్తారు. సీటు వీపు హద్దు మీరి ముందుకి వంగకూడదు. మొత్తం 36 కిలోలు. మనం వేస్తున్నది నాలుగు బస్తాలకే 104. 50 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్న బండి అర మీటరు దూరంలో ఆగిపోతే అందులో ఉన్న ప్రతి వస్తువూ తన బరువుకి ఇరవై రెట్లు బలంతో ముందుకి తోస్తుంది. 26 కిలోల బస్తా అర టన్ను పైనే. నాలుగూ కలిసి రెండు టన్నులు. సీటు బెల్టు పెట్టుకున్న పిల్లాడిని బెల్టు ముందు నుంచి ఆపుతుంది. వెనక నుంచి వచ్చే రెండు టన్నులని ఆపేదేదీ అక్కడ లేదు. హ్యాచ్‌బ్యాకుల్లో, ఏడు సీట్ల బండ్లలో పరిస్థితి ఇంకా కష్టం. మూడో వరసలో కూర్చున్న పిల్లల తల వెనకే డిక్కీ తలుపు. సీటు ఎత్తు దాటి పైకి పేర్చిన పెట్టె గట్టి బ్రేకు వేస్తే చాలు, వాళ్ల మెడ మీదికి వస్తుంది. గుద్దుకోవాల్సిన పని కూడా లేదు.

బండి కుంగడం చూసి భయపడ్డవాళ్లకి కార్ ఆక్సెసరీస్ దుకాణాల్లో ఒక మందు దొరుకుతుంది. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు. వాటిని ఎక్కించాక లోడు వేసినా వెనక కుంగదు, స్పీడ్ బ్రేకరు దగ్గర అడుగు తగలదు. "ఇంక ఎంతైనా వేసుకోండి సార్" అంటాడు దుకాణం కుర్రాడు. బఫరు చేసిందేంటి? స్ప్రింగు నొక్కుకోకుండా అడ్డుపడింది. కారు బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదు. వెనక ఇరుసు మీద, బేరింగుల మీద, టైర్ల మీద, బ్రేకుల మీద అదే బరువు. పైగా ఇంతకుముందు స్ప్రింగు తాగిన గుంత దెబ్బ ఇప్పుడు నేరుగా బాడీకి తగులుతుంది. కుంగడమే బండి మనకి చెప్పే ఒకే ఒక్క హెచ్చరిక. ఆ హెచ్చరికని అణిచేసి సమస్య తీరిపోయిందనడం ప్రమాదకరం. దుకాణాలు దాన్ని బరువు పెంచే సాధనంగా అమ్మడం మానాలి.

సీఎన్‌జీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. డిక్కీలో 60 లీటర్ల ఉక్కు సిలిండరు, దాని బిగింపులతో కలిపి బండికి 80, 90 కిలోల బరువు పెరుగుతుంది. కంపెనీలో బిగించిన బండ్లకి స్ప్రింగులు దానికి తగ్గట్టు మారుస్తారు. బయట బిగించుకున్నవాళ్లలో ఎక్కువమంది స్ప్రింగుల మాటే ఎత్తరు. అలాంటి బండిలో డిక్కీ ఖాళీగా కనిపించినా అది ఖాళీ కాదు.

ఇక టైర్లు. బరువు తెలిసిన కొందరు టైరు మీద అంకె చూపించి వాదిస్తారు. 185/65 ఆర్15 టైరు పక్కన 88 అని ఉంటుంది. అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుందని. నాలుగు కలిపితే 2,240, కాబట్టి బండికి ఏమీ కాదని. ఆ 560 టైరులో పూర్తి గాలి ఉన్నప్పటి మాట. మన బంకుల్లో గాలి ఎలా కొడతారో చూడండి. కుర్రాడు "ఎంత సార్?" అంటాడు, మనం "ముప్ఫై రెండు కొట్టు" అంటాం, నాలుగింటికీ అదే. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. చాలా కార్లలో అందులో రెండు వరసలుంటాయి. ఇద్దరు ముగ్గురు ప్రయాణిస్తే ఒక గాలి, నిండుగా లోడుంటే వేరే గాలి, అందులో వెనక టైర్లకి ఎక్కువ. ఆ రెండో వరస కొలతకి గాలి పట్టించి పండగ ప్రయాణం మొదలుపెట్టేవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. గాలి తక్కువ, బరువు ఎక్కువ అయితే టైరు పక్కగోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువ వంగుతుంది, వేడెక్కుతుంది. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు వేడి దానికి తోడు. మామిడిపళ్ల పెట్టెలతో నూజివీడు నుంచి బయలుదేరిన బండి హైదరాబాద్ చేరేలోపు ఆ టైరు నాలుగైదు గంటలు అలా వంగుతూనే ఉంటుంది.

ఇదంతా ఊహ అనుకునేవాళ్లు అమెరికాలో జరిగింది చూడాలి. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లని వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకి వేసినవి. వేగంగా పోతుండగా టైరు పైపొర ఊడి బండ్లు బోల్తా పడ్డాయి, రెండు వందల మందికి పైగా చనిపోయారు. టైరులో తయారీ లోపం ఉందన్నారు, బండి రూపకల్పనలో లోపం ఉందన్నారు. రెండు కంపెనీలూ తప్పు ఎదుటివాడిదన్నాయి. ఆ వివాదంలో పదేపదే ముందుకొచ్చిన అంకె మాత్రం ఒకటుంది: ఫోర్డ్ ఆ బండికి చెప్పిన గాలి 26 పీఎస్ఐ. తక్కువ గాలి, నిండు లోడు, ఎండ, వేగం ఒకచోట చేరితే ఉన్న లోపం ప్రాణాంతకం అవుతుందని దేశం మొత్తం చూసింది. అదే ఏడాది నవంబరులో కొత్త చట్టం తెచ్చారు. దాని ఫలితంగానే టైరులో గాలి తగ్గితే వెలిగే దీపం అక్కడ తప్పనిసరైంది. కారు తలుపు దగ్గర స్టిక్కరు మీద మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలు ఎప్పుడూ దాటకూడదని సూటిగా అచ్చువేయడమూ అలాగే వచ్చింది. అమెరికాలో ఉన్న మనవాళ్ల కార్లన్నిటికీ ఆ స్టిక్కరు ఉంది. ఇక్కడి కార్లకి అలాంటి ఒక్క వాక్యం తెలుగులోనో ఇంగ్లిషులోనో ఎందుకు ఉండకూడదు? ఒక స్టిక్కరుకి అయ్యే ఖర్చెంత?

"కంపెనీవాళ్లు ఎలాగూ మార్జిన్ పెట్టుకునే చెబుతారు" అన్న వాదన ఒకటి మిగిలింది. ఇంజనీర్లు మార్జిన్ పెడతారు, నిజమే. అది దేనికి పెడతారో ఆలోచించాలి. గుంతలో పడినప్పుడు చక్రం మీద బరువు ఒక్క క్షణం నిలకడ బరువుకి ఎన్నో రెట్లవుతుంది. స్ప్రింగు ఏళ్ల తరబడి వాడకంలో అలిసిపోతుంది. తీరప్రాంతపు ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. వెల్డింగు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఆ మార్జిన్ వీటి కోసం దాచింది. బస్తాలకి ముందే ఖర్చుపెట్టేస్తే గుంత వచ్చినప్పుడు బండి దగ్గర ఏమీ మిగలదు.

చట్టం లారీలకే అనుకునేవాళ్లూ ఉన్నారు. 1988 మోటారు వాహనాల చట్టం 113వ సెక్షను మూడో ఉపవిభాగం ఏ మోటారు వాహనాన్నీ రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన మొత్తం బరువు దాటి బహిరంగ ప్రదేశంలో నడపకూడదంటుంది. అందులో లారీ అన్న మాట లేదు. 2019 సవరణ తర్వాత 194వ సెక్షను కింద అధిక బరువుకి జరిమానా 20,000 రూపాయల నుంచి మొదలవుతుంది. సొంత కారుని ఆపి తూచే అధికారి కనిపించడు కాబట్టి నిబంధన లేనట్టు ప్రవర్తిస్తున్నాం. టోల్‌గేట్ల దగ్గర లారీలకి ఉన్న తూకం పండగ రోజుల్లో నాలుగు కార్లకి నమూనాగా పెట్టినా జనానికి కళ్లు తెరుచుకుంటాయి.

అన్నిటికంటే బలమైన వాదన అనుభవానిది. "మా నాన్న అంబాసిడర్లో పది బస్తాలు తెచ్చేవాడు, ఏం కాలేదు." నాన్నగారు తెచ్చి ఉంటారు. అంబాసిడరుకి వెనక లారీల్లాగే పట్టీల స్ప్రింగులు, లాగేవి వెనక చక్రాలు. విజయవాడ రోడ్డు అప్పుడు రెండు వరసలు, ఎదురుగా వచ్చే లారీలని తప్పించుకుంటూ అరవై దాటడమే గగనం. ఈ రోజు అదే దారి నాలుగు వరసలు, ఖాళీ దొరికితే అందరూ వంద మీదే. వేగం అరవై నుంచి వందకి పెరిగితే ఆపాల్సిన శక్తి దాదాపు మూడు రెట్లవుతుంది. 2014లో తయారీ ఆగిపోయిన బండి అనుభవంతో ఈనాటి చిన్న సెడాన్‌ని, ఈనాటి వేగంతో నడుపుతున్నాం. పైగా "ఏం కాలేదు" అన్నవాళ్లు మాత్రమే మనకి ఆ మాట చెప్పగలరు. అయినవాళ్లు చెప్పడానికి లేరు.

పల్లె నుంచి బియ్యం తెచ్చుకోవద్దని నేననడం లేదు. ఆర్టీసీ కార్గో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. నాలుగు బస్తాలు డిపోలో అప్పజెప్పి వస్తే అవి మీ వెనకే వస్తాయి. వాటికోసం ఐదు ప్రాణాలని పణంగా పెట్టాల్సిన పని లేదు. డిక్కీలో వేయక తప్పని సామానుని కూడా వేసే తీరుంది. బరువైనవి అన్నిటికంటే కింద, వెనక సీటు వీపుకి ఆనించి పెట్టండి. తలుపు దగ్గర తేలికవి పెట్టండి. సీటు ఎత్తు దాటి ఏదీ పేర్చకండి. వెనక సీటు ఖాళీగా ఉంటే ఆ బెల్టులు కూడా పెట్టేయండి, సీటు వీపుకి అది తోడు. గాలి లోడు వరస కొలతకి పట్టించండి, హెడ్‌లైటు చక్రం తిప్పండి. స్టెప్నీ చిన్న సైజుదైతే అది 80 కిలోమీటర్ల వేగానికి మించి పనికిరాదని, దాన్ని బయటికి తీయాలంటే చీకట్లో రోడ్డు పక్కన బస్తాలన్నీ దించాలని ముందే గుర్తుపెట్టుకోండి.

ఈసారి ఊరికి బయలుదేరే ముందు మాన్యువల్ తీసి మీ బండి రెండు బరువులూ ఒక కాగితం మీద రాసుకోండి. తేడా కట్టి, ఎక్కబోయే మనుషుల బరువులు తీసేయండి. మిగిలిన అంకె డ్యాష్‌బోర్డు మీద అతికించి, ఊళ్లో డిక్కీ తెరిచినప్పుడు మీ మావగారికీ అత్తగారికీ చూపించండి. అది 55 అయితే రెండు బస్తాలు పెట్టుకుని, మిగతావి కార్గోలో వేయమని వాళ్లకి చెప్పండి.